మా పందులకు వచ్చిన జబ్బేమిటో చెప్పండి: పశుసంవర్ధక శాఖలకు, పశువైద్య శాస్త్రవేత్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖల అధికారులకు, తిరుపతి, హైదరాబాద్ పశువైద్య విశ్వవిద్యాలయాల ఆచార్యులకు, పరిశోధకులకు,

నమస్కారం.

పందులు పెంచుకుని బతికేవాణ్ని. మాది ఎరుకల కుటుంబం. మా తాత నాటు పందుల మందను చెరువు గట్ల వెంట, కోతలైపోయిన చేలల్లో తిప్పుకుంటూ సంసారం ఈదాడు. నేను అప్పు చేసి షెడ్డు వేసి, గచ్చు పోయించి, సీమ పందులు పెట్టాను. తిరుపతి విశ్వవిద్యాలయం తీసుకొచ్చిన టి-17 రకం కూడా మా దగ్గర ఉంది. మంచి రకం, మా ఎండలకు తట్టుకుంటుంది. ఆ మేలు మేం మరిచిపోలేదు.

ఈ లేఖ నా ఒక్కడిది కాదు. చుట్టుపక్కల మండలాల్లో పందుల మీదే ఆధారపడ్డ కుటుంబాలవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. నాకు కాస్త చదువొచ్చు కాబట్టి రాసే పని నా మీద పెట్టారు. ఇదే సంగతి మీద ఇంతకుముందు అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కారమైందో మాలో ఎవరికీ అంతుపట్టలేదు. అందుకని ఇలా పదిమంది ముందు రాయాల్సి వస్తోంది.

మేం అడిగేది ఒకటే. మా పందులు చస్తున్నప్పుడు అవి ఏ జబ్బుతో చస్తున్నాయో, పనికొచ్చే సమయంలో చెప్పండి. మిగతా కష్టాలన్నీ దాని వెనకాలే వస్తున్నాయి.

పోయిన చలికాలం మా షెడ్డులో మూడు పందులు కొద్ది రోజుల తేడాతో ఈనాయి. పిల్లలు పుష్టిగా ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతున్నాయి. మూడో రోజు పొద్దున చూస్తే ఒక ఈతలో పిల్లలు విరిగిన పాలు కక్కుతున్నాయి. మధ్యాహ్నానికి పచ్చటి నీళ్ల విరేచనాలు. గచ్చంతా పుల్లటి కంపు. రాత్రికల్లా ఒంట్లో నీరంతా పోయి తోలు ముడతలు పడింది, వెన్నెముకలు బయటికొచ్చాయి. చలికి వణుకుతూ తల్లి పొట్ట మీదికెక్కి పడుకున్నాయి. తల్లికేమో పాలు చేపుకొచ్చి పొదుగు గట్టిపడిపోయింది, తాగడానికి పిల్లలకు ఓపిక లేదు. వారం తిరిగేసరికి మూడు ఈతలూ తుడిచిపెట్టుకుపోయాయి. పెద్ద పందులు మాత్రం రెండు రోజులు మేత మానేసి, పారుడు పట్టి, మళ్లీ మామూలైపోయాయి.

డాక్టరుగారు ఫోన్ చేయగానే వచ్చారు. ఆయన మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు, ఆయన చేతిలో ఉన్నంతవరకు చేశారు. చచ్చిన పిల్ల పేగు ముక్క కోసి సీసాలో వేసి, ఐసు ముక్కలతో థర్మోకోల్ పెట్టెలో సర్ది, టేపు చుట్టి పంపారు. ఆ పెట్టె బస్సు పార్సిల్లో వెళ్లింది. ఫలితం ఇంతవరకు రాలేదు. ఒకసారి అడిగితే నమూనా పాడైపోయిందన్నారు. ఇంకోసారి అడిగితే కిట్లు లేవన్నారు. ఎవరి మీదా పగతో చెప్పడం లేదు. మా మండలాల్లో ఎవర్ని కదిపినా ఇదే కథ.

ఇక్కడ కాస్త వివరంగా రాయక తప్పదు. ఈ లేఖ శాస్త్రవేత్తలకే కాదు, మమ్మల్ని చూసి ముక్కు మూసుకుని పోయే జనానికి కూడా.

కరోనా అంటే అందరికీ 2020 గుర్తొస్తుంది. పందుల్లో కరోనా వైరస్‌లు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉన్నాయి. పిల్లల్ని వాంతులు, విరేచనాలతో చంపే టీజీఈ అనే జబ్బును అమెరికాలో 1946లోనే గుర్తించారు. అలాంటిదే పీఈడీ, 1971లో ఇంగ్లండ్‌లో మొదట కనిపించింది. ఇప్పటికి పందుల్లో తెలిసిన కరోనా వైరస్‌లు ఆరు. కొన్ని పేగుల్ని, ఒకటి ఊపిరితిత్తుల్ని, ఒకటి నరాల్ని పట్టుకుంటాయి. పేగు లోపలి గోడకు మఖమల్ గుడ్డ మీది నూగులాంటి సన్నని పోగులుంటాయి. తాగిన పాలు ఒంటికి పట్టేది వాటి ద్వారానే. పేగుల్ని పట్టే కరోనాలు ఆ పోగుల్ని మాడ్చేస్తాయి. ఇక పాలు తాగినా తాగనట్టే. పెద్ద పందికి ఆ పోగులు తొందరగా మళ్లీ వస్తాయి కాబట్టి బతుకుతుంది. వారం లోపు పిల్లకు అంత వ్యవధి ఉండదు.

మా షెడ్డుకు వచ్చింది అదేనా? అయి ఉండొచ్చు. రోటా వైరస్ కావచ్చు, గచ్చు మీది బ్యాక్టీరియా కావచ్చు. కళ్లతో చూసి చెప్పగలిగేది కాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, ఆ పరీక్షే జరగలేదు.

ఇంకో మాట. మనుషులకు వచ్చిన కోవిడ్ వైరస్ పందులకు సరిగా అంటదని 2020లోనే జర్మనీ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చెప్పారు. అయినా ఆ ఏడాది మా పంది మాంసం వైపు చూసినవాడు లేడు. కోళ్ల రైతులకు కష్టం వస్తే హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. సంతోషం. మా కోసం అలా తిని చూపించమని అడిగే ధైర్యం మాకు లేదులెండి.

జబ్బు పేరు తెలియడం ఆలస్యమైతే ఏమవుతుందో లోకం ఇప్పటికే చూసింది. మాకు తెలిసిన మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది అమెరికా. 2013 ఏప్రిల్, మే నెలల్లో పీఈడీ అక్కడ మొదటిసారి బయటపడింది. ఏడాదిలో సుమారు 70 లక్షల పంది పిల్లలు చచ్చాయి. పందుల్ని తోలే లారీలు కూడా జబ్బును ఊరూరా మోశాయి. జబ్బు కనిపిస్తే తప్పనిసరిగా చెప్పాలని వాళ్ల వ్యవసాయ శాఖ ఉత్తర్వు ఇచ్చింది 2014 జూన్‌లో, అంటే ఏడాది గడిచాక. దానితోపాటు 2 కోట్ల 62 లక్షల డాలర్లు తీసి పరీక్షలకు, జాగ్రత్తలకు, టీకా పనికి పెట్టారు. అంతటి దేశానికే ఏడాది పట్టిందని సరిపెట్టుకోవచ్చు. ఆ ఏడాది వాళ్లకు ఎంత నష్టం చేసిందో చూసి మనం ముందే మేలుకోవచ్చు కూడా.

రెండోది చైనాలోని గ్వాంగ్‌డాంగ్. 2016 అక్టోబర్ చివర్లో ఒక ఫారంలో పిల్లలు చావడం మొదలైంది. పరీక్షిస్తే మొదట పీఈడీ వైరస్ కనిపించింది. 2017 జనవరి మధ్య నుంచి ఆ వైరస్ నమూనాల్లో కనిపించడం ఆగిపోయింది, చావులు మాత్రం ఆగలేదు. అప్పుడు అక్కడి పరిశోధకులు ‘నెగెటివ్ వచ్చింది’ అని ఫైలు మూసేయలేదు. వైరస్ జన్యు క్రమం మొత్తం చదివి చూశారు. గబ్బిలాల నుంచి వచ్చిన కొత్త కరోనా వైరస్ బయటపడింది. నాలుగు ఫారాల్లో 24,693 పిల్లలు పోయాయి. పందుల దగ్గర పనిచేసే 35 మంది రక్తం కూడా పరీక్షించి, వాళ్లకు సోకలేదని తేల్చారు. ఆ పనివాళ్లు ఆ రాత్రి ఎంత నిశ్చింతగా నిద్రపోయి ఉంటారో మాకు తెలుసు. మా ఆడవాళ్లు చచ్చిన పిల్లల్ని ఉత్త చేతులతో ఎత్తి పారేస్తారు. వాళ్లకు ఇలాంటి పరీక్ష ఒకటి ఉంటుందని కూడా తెలియదు.

మూడోది మలేషియా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1998 సెప్టెంబర్‌లో ఈపో పట్టణం చుట్టుపక్కల పందుల పెంపకందారులకు జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. పందులకు గట్టి దగ్గు. అధికారులు అది జపనీస్ మెదడువాపు అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జపనీస్ మెదడువాపు మనుషుల్లో ఎక్కువగా చిన్న పిల్లలకు వస్తుంది. ఇక్కడ పడిపోతున్నది పందుల్ని పట్టుకుని పనిచేసే వయసొచ్చిన మగవాళ్లు, అందులోనూ టీకా వేయించుకున్నవాళ్లు. తేడా కళ్ల ముందే ఉన్నా నెలల తరబడి పాత పేరే నడిచింది. ఈలోగా భయపడ్డ రైతులు పందుల్ని వచ్చిన ధరకు అమ్మేశారు. అవి లారీలెక్కి దక్షిణాదికి వెళ్లాయి, జబ్బు వాటితోపాటే వెళ్లింది. 1999 మార్చిలో గానీ అది నిపా అనే కొత్త వైరస్ అని తేలలేదు. అప్పటికి ఆలస్యమైపోయింది. మలేషియాలో 265 మందికి సోకి 105 మంది పోయారు. దాదాపు 11 లక్షల పందుల్ని చంపేశారు. పందుల దొడ్ల మీదికి వాలిన మామిడి చెట్లలో గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు తినడం వల్ల పందులకు అంటిందని తర్వాత అర్థమైంది. మా షెడ్ల మీద నీడ కోసం ఉన్నవి కూడా మామిడి కొమ్మలే.

పరీక్ష ఉంటే పందికి మేలే జరుగుతుందనడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2018లో కోళికోడ్‌లో నిపా వచ్చినప్పుడు అక్కడి పందుల నమూనాలు భోపాల్‌లోని కేంద్ర పశువ్యాధి ల్యాబులో పరీక్షిస్తే వైరస్ లేదని తేలింది. ఆ ఒక్క కాగితం లేకపోతే కేరళలో పందుల రైతుల గతి ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇక మన దగ్గర అందరికంటే పెద్ద భయం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. మనుషులకు రాదు, పందికి వస్తే దాదాపు బతకదు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదలై, 2022లో కేరళలోని వయనాడు దాకా దిగింది. మన దేశంలో దానికి వేసే టీకా లేదు. దీనికీ మామూలు స్వైన్ ఫీవర్‌కూ చూపుకు తేడా తెలియదు. రెండింటిలోనూ కాలిపోయే జ్వరం, చెవులు, పొట్ట కింద ఎర్రటి, నీలం మచ్చలు, వెనక కాళ్లు తూలడం. ఒకదానికి టీకా ఉంది, రెండోదానికి లేదు. ఒకటి వస్తే మిగతావాటికి సూది వేయించి కాపాడుకోవచ్చు. రెండోది వస్తే చుట్టూ కిలోమీటరు దాకా పందుల్ని తీసేయాలి. రైతు చేయాల్సిన పని పూర్తిగా వేరు. ఏది వచ్చిందో తెలియకపోతే ఏ పని చేయమంటారు?

తెలియనప్పుడు ఏం జరుగుతుందో మేం చెప్తాం. మొదటి పంది పడగానే బేరగాడికి కబురు వెళ్తుంది, ఎవరు చెప్తారో తెలియదు. టాటా ఏస్ వేసుకుని గేటు దగ్గరికి వస్తాడు. నిన్నటిదాకా ఇచ్చిన ధరలో సగం కూడా చెప్పడు. ‘ఇవాళ ఇస్తే ఇంత, రేపైతే పూడ్చుకోవడమే’ అంటాడు. వడ్డీ కట్టాల్సినవాడు ఇచ్చేస్తాడు. ఆ బండి కడగకుండానే పక్క ఊరి షెడ్డుకు వెళ్తుంది. చట్టం ప్రకారం జబ్బు వస్తే యజమాని చెప్పి తీరాలి. చెప్పినవాడికి ఏం దక్కుతోందో చట్టం రాసినవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి.

మేం అడుగుతున్నవి, వాటి వెనకున్న కష్టంతో సహా, కింద రాస్తున్నాం.

1. పరీక్ష మా దగ్గరికి రావాలి. ఇప్పుడు ఏదైనా పెద్ద జబ్బని అనుమానం వస్తే నమూనా బెంగళూరుకో భోపాల్‌కో వెళ్లాలి. రిపోర్టు వచ్చేసరికి షెడ్డు ఖాళీ అవుతుంది. కోవిడ్ కాలంలో ఆర్టీపీసీఆర్ యంత్రాలు జిల్లాల్లోకి వచ్చాయి. అప్పుడు మనుషుల నమూనాలు పరీక్షించే ల్యాబులు చాలక, భోపాల్, ఇజ్జత్‌నగర్‌లలోని పశువుల ల్యాబులు కూడా ఆ పని నెత్తిన వేసుకున్నాయి. పశువుల ల్యాబు మనిషికి సాయం చేసిన దేశంలో పశువుకు ఒక యంత్రం కరువా? ఉమ్మడి జిల్లాకు ఒకటి చొప్పున పశువ్యాధి ల్యాబులో, విడి గదిలో, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, స్వైన్ ఫీవర్, పందుల్లో గర్భాలు పోగొట్టి ఊపిరితిత్తుల్ని పట్టే పీఆర్ఆర్ఎస్, పేగుల్ని పట్టే కరోనా వైరస్‌లకు పరీక్ష పెట్టండి. పీఆర్ఆర్ఎస్ 2013లోనే మిజోరంలో బయటపడింది, అది ఇక్కడికి రాదనే హామీ ఎవరిస్తారు? నమూనా అందిన 48 గంటల్లో ఫలితం రైతు ఫోన్‌కు రావాలి. నెగెటివ్ అయినా చెప్పాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనంలో నమూనా సీసాలు, చల్లదనం నిలిచే పెట్టె ఉండాలి. బస్సు పార్సిల్లో కరిగిపోయే ఐసుతో పరిశోధన సాగదు.

2. జబ్బు సంగతి చెప్పినవాడు నష్టపోకూడదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిన చోట ప్రభుత్వం చంపించిన పందులకు పరిహారం ఉంది. 15 కిలోల లోపు పిల్లకు 2,200 రూపాయలు, 100 కిలోలు దాటినదానికి 15,000 రూపాయలు అని లెక్క. కానీ అది చంపించినవాటికే. అంతకుముందు జబ్బుతో చచ్చినవాటికి పైసా రాదు. అంటే రిపోర్టు ఎంత ఆలస్యమైతే రైతుకు వచ్చేది అంత తగ్గుతుంది. ఆలస్యం చేసేది ల్యాబు, కోత పడేది మాకు. రైతు సమాచారం ఇచ్చిన రోజును లెక్కలోకి తీసుకుని, ఆ రోజు నుంచి చచ్చినవాటికి కూడా పరిహారం ఇవ్వండి. పారబోయించిన దాణాకూ కట్టివ్వండి. ఇది జరిగితే బేరగాడి బండికి గేటు తీసేవాడు ఉండడు. మీరు ఎన్ని చెక్‌పోస్టులు పెట్టినా ఇంతకంటే బాగా జబ్బును ఆపలేవు.

3. స్వైన్ ఫీవర్ టీకా చేతికందేలా చూడండి. మన దేశంలో 1964 నుంచి కుందేళ్లలో తయారుచేసే టీకానే చాలాకాలం దిక్కైంది. 2020లో ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ, కణాల్లో పెంచే కొత్త టీకా తెచ్చింది. డోసు ధర రెండు రూపాయల లోపేనని, రెండేళ్లదాకా పనిచేస్తుందని అప్పుడు ప్రకటించారు. దేశానికి ఏడాదికి 2 కోట్ల 20 లక్షల డోసులు కావాలని, పాత పద్ధతిలో తయారయ్యేవి 12 లక్షలేనని కూడా చెప్పారు. ఈ టీకా కార్యక్రమానికి కేంద్రం పూర్తి ఖర్చు భరిస్తుంది కూడా. మరి మా ఊళ్లో గాలికుంటు టీకాకు మైకులో చాటింపు వేస్తారు గానీ స్వైన్ ఫీవర్ టీకా కోసం మేమే వెతుక్కుంటూ తిరగాలి. ఏ నెలలో ఏ మండలానికి వస్తారో పట్టిక ఒకటి గోడకు అంటించండి, చాలు.

4. పిల్లల విరేచనాలను చిన్న విషయంగా కొట్టేయకండి. పంది గర్భం 114 రోజులు. ఒక ఈత పోతే ఆ పందిని మేపిన నాలుగు నెలల దాణా, కరెంటు, కూలి అన్నీ పోయినట్టే. మూడు ఈతలు పోతే బ్యాంకు వాయిదా కట్టలేం. మా వీధిలో ఒకాయన అలా వాయిదా తప్పి, కూతురి కాలేజీ ఫీజుకు పెట్టుకున్న డబ్బు తీసి కట్టాడు. పేరు తెలిస్తే ఎంతో చేసుకోవచ్చు. జబ్బు పడి లేచిన తల్లి పాలల్లో పిల్లను కాపాడే శక్తి ఉంటుంది. దాన్ని ఎలా వాడుకోవాలో, ఈనబోయే పందుల్ని ఎప్పుడు, ఎలా వేరు చేయాలో శాస్త్రవేత్తలకు తెలుసు. మాకు నేర్పండి. వారం లోపు పిల్లలు గుంపుగా చచ్చిన ప్రతిచోటా పేగు నమూనా తీసుకోవడం నియమం చేయండి. తెలిసిన పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చి, చావులు మాత్రం ఆగకపోతే ఆ నమూనా జన్యు క్రమం చదివించండి. హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, జంతు జీవసాంకేతిక సంస్థ ఉంది. నమూనా అక్కడిదాకా చేరే దారి ఒక్కటే లేదు.

5. ఇది మనుషుల సంగతి కూడా. హైతీలో 2014, 2015లలో జ్వరంతో వచ్చిన ముగ్గురు పిల్లల నమూనాల్లో పందుల డెల్టా కరోనా వైరస్ (కోవిడ్‌లో వచ్చిన డెల్టా రకం కాదు) దొరికిందని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఈ మాట చదివి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు, అది అక్కడినుంచి ఊళ్లకు పాకలేదు. కానీ దొరికింది వెతికారు కాబట్టే. పందుల దగ్గర పనిచేసేవాళ్లకు, వాళ్లు ఒప్పుకుంటే, ఏడాదికోసారి రక్త పరీక్ష చేయండి. ఫలితం వాళ్లకు చెప్పండి, వాళ్ల పేర్లు బయటపెట్టకండి. పేరు బయటికొస్తే ఆ ఇంటి పిల్లల్ని బడిలో పక్కన కూర్చోబెట్టుకోరు. అది మాకు కొత్త కాదు.

6. మెదడువాపు, డెంగీ అనగానే మా పందుల్ని వేటాడటం ఆపండి. జపనీస్ మెదడువాపులో పందికి పాత్ర ఉంది, మేం కాదనడం లేదు. వరి మళ్ల దోమ కొంగ నుంచి పందికి మోస్తుంది, పందిలో వైరస్ పెరుగుతుంది, అక్కడినుంచి దోమ ద్వారా మనిషికి. అందుకే షెడ్లు ఊరికి దూరంగా పెట్టమంటే పెడతాం, స్థలం చూపించండి. డెంగీకి పందితో ఏ సంబంధమూ లేదు. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో మెదడువాపుతో 329 మంది పిల్లలు పడితే 183 మంది చనిపోయారు. అది చండీపుర వైరస్ అని, ఇసుక ఈగల వల్ల వస్తుందని పుణెలోని వైరస్ పరిశోధన సంస్థ తేల్చింది. అందులో పంది లేదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఈజిప్టు ప్రభుత్వం ఒక్క పందిలోనూ జబ్బు కనిపించకుండానే సుమారు మూడు లక్షల పందుల్ని చంపించింది. కైరోలో చెత్త ఏరి, ఆ చెత్తతో పందుల్ని మేపుకునే జనం వీధిన పడ్డారు. తినే పందులు లేక నగరంలో చెత్త గుట్టలు పడింది. ఆ జనాన్ని మేం చూడకపోయినా వాళ్ల బాధ మాకు బాగా తెలుసు. పరీక్ష రిపోర్టు లేకుండా, పరిహారం రాసివ్వకుండా మున్సిపాలిటీ వాళ్లు పందుల్ని పట్టుకుపోకూడదని స్పష్టమైన ఆదేశం ఇవ్వండి.

7. హోటల్ ఎంగిలి మేపొద్దని అంటున్నారు. కారణం మాకు తెలుసు, మాంసం ముక్కల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. కానీ దాణా కొనలేని కుటుంబానికి అదే ఆధారం. బాగా ఉడికిస్తే వైరస్ చస్తుంది. ఉడికించడానికి పెద్ద డ్రమ్ములు, పొయ్యిలు సబ్సిడీ మీద ఇవ్వండి, ఆ తర్వాత ఉడికించనివాడికి జరిమానా వేయండి.

8. సంతల దగ్గర, కబేళాల దగ్గర బళ్లు కడిగే చోటు కట్టించండి. నీళ్లు, సున్నం, మందు ఉంటే చాలు, పెద్ద ఖర్చు కాదు.

9. పశువుల బీమా ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారని పేపర్లో చదివాం. పందికి బీమా చేయమని అడిగితే ఏజెంట్లు ముఖం తిప్పుకుంటారు. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ అనే కేంద్ర పథకం కింద వంద ఆడ పందులు, పది మగ పందుల ఫారానికి 30 లక్షలదాకా సబ్సిడీ ఇస్తూ, చదువుకున్న కుర్రాళ్లను ఇందులోకి రమ్మని పిలుస్తున్నారు. వాళ్లు ఇల్లు కుదువపెట్టి వస్తున్నారు. అదే ప్రభుత్వం మాటకు బీమా కంపెనీలు విలువ ఇవ్వకపోతే ఆ కుర్రాళ్లు ఎవర్ని అడగాలి? 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90 లక్షల చిల్లర, అంతకుముందు లెక్క కంటే 12 శాతం తక్కువ. ఎందుకు తగ్గాయో తెలుసుకోవాలంటే మూతపడ్డ షెడ్లవాళ్లను అడగండి.

పరిశోధకులకు విడిగా ఒక విన్నపం. మీ విద్యార్థులు మా షెడ్లకు వచ్చి రక్తం, పారుడు తీసుకెళ్తారు. మేం పందిని పట్టుకుంటాం, టీ పెట్టిస్తాం, అడిగినవన్నీ చెప్తాం. తర్వాత అది థీసిస్ అవుతుంది, పత్రికలో వ్యాసమవుతుంది. మాకు మాత్రం మా పంది రిపోర్టు తిరిగి రాదు. ఒక పేజీ తెలుగులో రాసి ఆ మండల పశువైద్యశాలలో ఇస్తే సరిపోతుంది. నమూనా ఇచ్చినవాడికి ఫలితం చెప్పాకే పట్టా ఇస్తామని మీ విశ్వవిద్యాలయాల్లో నియమం పెట్టండి. అది పెట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు.

పైవాటిలో మీ వల్ల కానిది ఏదైనా ఉంటే అది కాదని, ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పండి. పరీక్ష కిట్టు ఖర్చులో మా వంతు ఎంతో తేలిస్తే కట్టుకుంటాం, ఆ మాట మా కుటుంబాలన్నీ ఒప్పుకున్నాయి. వచ్చే చలికాలం ఈతలు మొదలయ్యేలోపు మొదటి రెండు అంశాల మీద ఉత్తర్వులు కావాలి. అప్పటికీ జవాబు రాకపోతే, ఈసారి చచ్చిన పిల్లల నమూనాలు మేమే పెట్టెలో సర్దుకుని మీ కార్యాలయాలకు తీసుకొస్తాం. దయచేసి తీసుకుని రసీదు ఇవ్వండి.

ఇట్లు,
పందుల పెంపకం మీద బతుకుతున్న కుటుంబాల తరఫున,
ఒక రైతు

నకలు: రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు, పురపాలక శాఖలకు